ఇసుక తొట్టిలో రివాల్వర్

తిత్లీ గాలివాన వెనకాల ఋషికుల్య పొంగిన ఏడు అది. నీరు తీసిన వారానికే దసరా వచ్చింది. పల్లెల్లో ఇంకా దీపాల్లేవు. రోడ్లు తెగి కలకత్తా నుంచి రావలసిన సరుకేదీ సరిగా బరంపురం చేరలేదు. క్లబ్బుకి రావలసిన రివాల్వర్ తూటాలు కూడా దారిలో ఎక్కడో ఆగిపోయాయి.

నేను సముద్రం ఒడ్డు మార్కండి పల్లె మనిషిని. వలలకి సీసం గుళ్ళు పోసేవాణ్ణి. సముద్రం మీదికి వెళ్ళే ఓపిక పోయాక బరంపురంలో షూటింగు క్లబ్బులో చేరాను. అక్కడా అదే సీసం. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరి కడగడం, సీసం కరిగించి గుళ్ళు పోయడం, ప్రెస్సు మీద మళ్ళీ తూటాలు కట్టడం నా పని. దానికి క్లబ్బుకి పర్మిట్ ఉంది. మందు తూచి పోసే పని మాత్రం హేమచంద్రది. దాన్ని ఇంకెవరూ ముట్టరు.

హేమచంద్ర అంటే లక్ష్మణరావు షావుకారి కొడుకు. షావుకారికి పెద్ద బజారులో ఇత్తడి సామాన్ల టోకు కొట్టు ఉంది. క్లబ్బు ప్రెసిడెంటు కూడా ఆయనే. కొడుకు రెండేళ్ళు వరసగా కటక్ వెళ్ళి రాష్ట్ర పోటీలో ఆఖరి గుండుకి ఓడిపోయి వచ్చాడు. ఈసారి గెలుస్తాడని అందరూ అన్నారు. దసరా వెళ్ళిన మర్నాడు సాయంత్రం రైలెక్కాలి. ఆ మర్నాడే పోటీ. తూటాలు రాలేదు కనక మేమే కట్టుకోవాలి.

ఆయుధపూజ నవమినాడు క్లబ్బు గదిలోనే జరిగింది. ఎర్రగుడ్డ పరిచి తుపాకులు పెట్టారు. షావుకారి భార్య వాసవీకుమారి గారు పూజ చేసింది. నా ప్రెస్సుని, సుత్తిని, సీసం మూకుడిని కూడా ఆవిడ వదల్లేదు. ప్రెస్సు నెత్తిన బిగించే ఉక్కు గొట్టాలు ఉంటాయి, వాటిని డైలు అంటారు. ఒకటి ఇత్తడి గొట్టం మూతి విప్పుతుంది. ఇంకొకటి గుండుని ఆ మూతిలోకి దించి కూర్చోబెడుతుంది. వాటిని విప్పి పళ్ళెంలో నోరు పైకి పెట్టాం. అలా పెడితే బుల్లి రోళ్ళలా ఉంటాయి. ఆవిడ ఒక్కొక్కదానికీ గంధం పూసి, కుంకం పెట్టి, లోపల చిటికెడు అక్షింతలు వేసింది.

పూజ చేసిన పనిముట్టుకి బొట్టు మనంతట మనం తుడవం. పని చేస్తుంటే దానంతటదే పోవాలి. తెడ్డుకైనా, కొట్లో తక్కెడకైనా అంతే. దసరా మర్నాడు పొద్దున్న డైలని బోర్లిస్తే అక్షింతలు అరచేతిలోకి రాలాయి. కళ్ళకద్దుకుని నెత్తిన వేసుకున్నాను. డైలు బిగించాను. హేమచంద్ర మందు పోశాడు, నేను గుండు పెట్టి పిడి లాగాను. కట్టినవన్నీ ఒకే రేకు డబ్బాలో పోశాను. హడావిడిలో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. కొన్ని రేంజిలో కాల్చి చూసుకుని మిగతావి కటక్ పట్టుకెళ్ళాలని అనుకున్నాం.

రేంజి ఊరి బయట కొండ కింద ఉంది. కాల్చేవాళ్ళు నిలబడే చోట సిమెంటు అరుగు, అరుగు మీద బల్ల, ఎదురుగా ఎత్తయిన ఇసుక గట్టు. అక్కడ నాయక్ బాబు చెప్పిందే చట్టం. పటాలంలో చేసి వచ్చిన ఒడియా మనిషి. తెలుగు మనలాగే మాట్లాడతాడు. కంగారొస్తే మాత్రం ఒడియాలోకి వెళ్ళిపోతాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళాం. షావుకారు వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను గొట్టాలు ఏరడానికి పక్కన నిలబడ్డాను. హేమచంద్ర ఆరు తూటాలు పెట్టుకుని కాల్చడం మొదలుపెట్టాడు.

మొదటి నాలుగూ మామూలుగానే పేలాయి. అయిదోది వేరు. చప్పుడు పొడిగా, గట్టిగా వచ్చి కొండకి కొట్టుకుంది. హేమచంద్ర మణికట్టు గభాలున పైకి లేచింది.

"ఏట్రా అది?" అన్నాడు షావుకారు.

"ఏటీ నేదు నాన్నా. సెయ్యి సెమటపట్టింది."

"సెమటకి సప్పుడు మారదు బాబూ," అన్నాడు నాయక్ బాబు. "నాను ఇన్నాను."

ఆరోది మామూలుగా పేలింది. సిలిండరు తెరిచి గొట్టాలు బల్ల మీద పోశాడు. నేను ఏరి చూశాను. గొట్టం అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ ఉంటుంది. అయిదింటి టోపీలకి గుంట పడి ఉంది. ఒకదాని టోపీ మాత్రం సుత్తితో కొట్టినట్టు చదునైపోయింది. చూపించాను.

"ఒకదాన్లో ఎక్కువ పడుంటాది మందు," అన్నాడు షావుకారు.

"నాను తూసినాను నాన్నా. ఒక్క గింజ కూడా ఎక్కువ పడలేదు."

"అయితే ఆపీ," అన్నాడు నాయక్ బాబు. "ఎందుకో తెలిసినాక కాలుద్దాం."

"ఆరింటిలో ఒకటి కదా నాయక్ బాబూ. కటక్‌లో నన్ను ఆపమంటారేటి?"

మళ్ళీ ఆరు పెట్టాడు. నాయక్ బాబు పెదవి కొరుక్కుని నిలబడ్డాడు. క్లబ్బు జీతం మీద బతికే మనిషి, ప్రెసిడెంటు కొడుకుతో ఎంతని చెబుతాడు.

ఒకటి పేలింది. రెండోదానికి హేమచంద్ర వేలు వంగింది గాని ట్రిగ్గరు రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. సిలిండరు కొద్దిగా కదిలి నిలిచిపోయింది. ఎడమచేత్తో సిలిండరుని తిప్పబోయాడు. తిరగలేదు. పక్కనున్న మీట నొక్కి తెరవబోయాడు. తెరుచుకోలేదు. మళ్ళీ ట్రిగ్గరు మీద వేలు పెట్టాడు. వేలి గోరు తెల్లబడింది.

"రుహ! రుహ!" అని నాయక్ బాబు అరిచాడు. ఆగు, ఆగు అని. "ఏలు తియ్యి. ఏలు తియ్యి బాబూ. మొన ఇసక వేపే ఉంచు. కదపకు."

హేమచంద్ర వేలు తీశాడు. నాయక్ బాబు నిప్పు ఆర్పడానికి ఉంచిన ఇసుక తొట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. రివాల్వర్‌ని మొన గట్టు వైపు ఉండేలా అందులో గుచ్చి పడుకోబెట్టారు. లోపల పేలిన గొట్టం ఒకటి, పేలనివి అయిదు. తిరగదు, తెరుచుకోదు. 

"సీసం మెత్తబడిందేమో," అన్నాను. పాత సీసం, కొత్త సీసం కలిపి కరిగించాను కనక నాకు ముందు అదే తోచింది.

"అది కాదు," అన్నాడు నాయక్ బాబు. "మూతి నొక్కు సాల్నేదు. ముందు దెబ్బ అదురుకి గుండొకటి గొట్టంలోంచి ముందుకు తోసుకొచ్చింది. ముక్కు తగులుకుని సిలిండరు ఆగిపోనాది. నాను పటాలంలో సూసినాను."

హేమచంద్ర గురి కాగితం అంచు సన్నగా చింపాడు. సిలిండరు ముందు వైపు, రివాల్వర్ గొట్టానికీ దానికీ మధ్య ఉన్న సందులోకి ఆ కాగితం దూర్చాడు. సునాయాసంగా ఇటు నుంచి అటు వచ్చేసింది.

"ముందు ఏదీ అడ్డు నేదు," అన్నాడు.

తర్వాత వెనక వైపు దూర్చాడు. సగం దాకా వెళ్ళి కాగితం మడత పడిపోయింది.

"ఎనకాల ఉంది. ఒకటి పూర్తిగా లోపలికి దిగలేదు. మడమ బయటికి ఉండిపోయి ఫ్రేముకి ఒరుసుకుంటంది."

"మడమంటే టోపీ ఉన్న వేపేనా?" అన్నాడు షావుకారు.

"అదే."

షావుకారు కుర్చీలోంచి లేచాడు. తిప్పితే ఒరుసుకునేది టోపీ. ఆ సంగతి ఎవరూ ఆయనకి విడమరచనక్కరలేకపోయింది.

హేమచంద్ర రేకు డబ్బాలో మిగిలిన తూటాలని బల్ల మీద పోసి వరసగా నిలబెట్టాడు. అప్పుడు కనిపించింది. ఎత్తు ఒకలా లేదు. కొన్నింటిలో గుండు బయటికి బాగా ఉంది, కొన్నింటిలో లోతుకి దిగిపోయింది. రెండు మూడింటికి ముక్కు పక్కకి వాలింది. వాలినవాటిని బల్ల మీద దొర్లిస్తే కుంటివాడి నడకలా దొర్లాయి. ఒకదాని గొట్టాన్ని వేళ్ళతో తడిమితే ఒక పక్క ఉబ్బు చేతికి తగులుతోంది.

"ఈ ఉబ్బే దాన్ని సిలిండరులోకి దిగనివ్వలేదు," అన్నాడు. గుండు ముక్కుని ఎండకి పెట్టి చూశాడు. "ఇదేటి, సొట్ట?"

నా చేతికి ఇచ్చాడు. సొట్ట కోలగా, సన్నగా ఉంది. అడుగున పసుపు రంగు అంటుకుని ఉంది. గుండుకి రాసే మైనమూ పసుపే కనక అంతకుముందు ఎవరి కంటా పడలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను.

"అక్షింత," అన్నాను.

"ఏటి?"

"అమ్మగారి అక్షింత. డైలో ఉండిపోనాది."

"నీకేటి మతి పోయిందేటి పైడన్నా?" అన్నాడు షావుకారు. "అక్షింతలు నీ నెత్తిన పడ్డాయి గాని డైలోకెందుకు ఎల్తాయి?"

హేమచంద్ర నవ్వలేదు. గుండు మళ్ళీ తీసుకుని సొట్టలో గోరు పెట్టి చూశాడు.

"ఎల్తాయి నాన్నా. గంధంలో అంటుకుని ఒకటి మిగిలిపోయుంటాది. గుండు ముక్కు దాని మీద పడింది. గింజ ఎంత మందముందో గుండు అంత లోతుకి దిగింది. గింజ ఒక పక్కకి ఉంది గాబట్టి పక్కకి వాలింది. నలిగి పిండైపోయాక మిగతావి బాగా వచ్చినాయి."

"దిగితే ఏటవుద్ది?"

"మందుకి సోటు తగ్గిపోద్ది. మూత బిగించిన కుక్కర్లో సోటు తగ్గించినట్టే. ఇందాకటి అయిదోది అదే." అంటూ తొట్టి వైపు చూశాడు. "అందులో ఎన్నున్నాయో తెలీదు."

అంత బాగా చెప్పినవాడు అక్కడితో ఆగిపోతాడనుకున్నాను. గడియారం చూసుకున్నాడు.

షావుకారు భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెద్దదే. మాకందరికీ వినబడింది.

"వాసవీ, ఆ పైడన్న డైల్లో అక్షింతలేసినావా నువ్వు?"

"ఏసినాను. నీ తక్కెడకీ ఏసినాను, నీ కారుకీ ఏసినాను. ఏటి, బియ్యం తగ్గిపోనాయా?"

"బియ్యం గొడవ కాదే. ఒక గింజ లోపల ఇరుక్కుని తూటాలు పాడైపోనాయి. రివాల్వరు బిగుసుకుపోయింది."

"పిల్లోడేడీ?"

"ఇక్కడే ఉన్నాడు."

"సెయ్యి బాగుందా?"

"బాగుంది."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. 

నాయక్ బాబు నూనె డబ్బా తెచ్చాడు. "సందుల్లో నూనె పోసి ఇలగే ఒగ్గేద్దాం," అన్నాడు. "రాత్రంతా తాగితే టోపీల్లో మందు సచ్చిపోవచ్చు. సావకపోయినా బిగువు ఒదుల్తాది. రేపు పొద్దున్న శిగిరీ ఇనప దవడల్లో బిగించి, గోడ ఎనకాల్నుంచి కర్రతో తీద్దాం. అంతే."

"రేపు పొద్దున్న నాను కటక్‌లో ఉండాలి," అన్నాడు హేమచంద్ర.

"ఇంకోళ్ళ రివాల్వరు పట్టుకెళ్ళు."

"నా లైసెన్సులో ఉన్నది ఇదొక్కటే. ఇంకోళ్ళది పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపీస్తారు. తూటాల్లో మంచివి ఏరుకుంటాను, నాకు కొలత తెలుసు. దీన్ని ఇప్పుడు తెరవాలి. కొయ్య సుత్తి ఇవ్వండి. పక్కనుంచి ఒక్క దెబ్బ. మీట నొక్కి పట్టుకుని ఒక్క దెబ్బేస్తే వచ్చీస్తాది."

"ఏ సేత్తో నొక్కుతావు మీట?"

"నా సేత్తోనే."

"నా రేంజిలో కాదు," అన్నాడు నాయక్ బాబు. అని షావుకారు ముఖంలోకి చూశాడు.

 కొడుకు రెండేళ్ళు ఓడి వచ్చినప్పుడు స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చింది షావుకారే. కొట్లో గుమాస్తాలు కూడా ఆ మాట ఎత్తకుండా చూసింది ఆయనే. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఒక్క దెబ్బకి వస్తాదంటావా?" అన్నాడు.

"వస్తాది నాన్నా."

"మెల్లిగా కొట్టు మరి."

నాయక్ బాబు తల తిప్పేసుకున్నాడు. "చాడ, చాడ," అని గొణిగాడు. వదిలెయ్, వదిలెయ్ అని. ఎవరితో అన్నాడో తెలీదు.

హేమచంద్ర కొయ్య సుత్తి అందుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. నేను ముందుగా వెళ్ళి తొట్టికి వీపు పెట్టి నిలబడ్డాను. రెండు చేతులతో బల్ల అంచు వెనక నుంచి పట్టుకున్నాను.

"తాతా, తప్పుకో."

తప్పుకోలేదు.

"తాతా, నిన్నే."

"ఇనబడతంది."

"మరి?"

"తప్పుకోను బావూ."

"ఏటి పైడన్నా," అన్నాడు షావుకారు. "ముసిలితనానికి ఇదేటి సోద్యం? నా కొడుకు, ఆడి రివాల్వరు. మజ్జిన నువ్వెవుడివి?"

"తూటా నాను కట్టినాను సావుకారూ."

"కడితే?"

 బల్ల అంచు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఇదిగో, సెప్తన్నాను. రేపట్నుంచి నువ్వు క్లబ్బులోకి రావద్దు."

"మంచిది సావుకారూ."

"మంచిదంటాడేటి! రావద్దంటే మంచిదంటాడు!"

"తాతా, రైలుకి ఏళవుతంది," అన్నాడు హేమచంద్ర.  "నీకు తెలీదా? నువ్వే గదా నాకు గుళ్ళు పోసింది ఇన్నాళ్ళూ. ఈసారి కూడా పోతే మళ్ళీ నాను పట్టుకోను దీన్ని. నీకిష్టమేనా?"

"పట్టుకోపోతే మానీ."

నేనలా అంటానని అతను అనుకోలేదు. నేనూ అనుకోలేదు. సుత్తి కింద పడేసి నా భుజం పట్టుకుని పక్కకి తోశాడు. బలమైన చెయ్యి. రోజూ రివాల్వర్ చాచి పట్టుకుని గంటలకొద్దీ నిలబడే చెయ్యి. నేను బల్లని వదల్లేదు. నా భుజం మీదుగా ఇంకో చెయ్యి తొట్టి మీదికి వెళ్ళింది. ఆ మణికట్టు అందుకున్నాను. అతను గుంజాడు. బల్ల ఊగింది. తొట్టి బల్ల మీద గరగరమని జరిగిన చప్పుడు వినబడింది.

"మొన!" అన్నాడు నాయక్ బాబు. అరవలేదు. చిన్నగా అన్నాడు. ఆ చిన్న గొంతుకే మేమందరం కొయ్యబారిపోయాం.

తొట్టి సగం తిరిగి ఉంది. మొన గట్టు వైపు లేదు. గేటు వైపు ఉంది. గేటు దగ్గర అప్పుడే ఒక ఆటో ఆగింది. అందులోంచి వాసవీకుమారి గారు దిగి చీర కుచ్చెళ్ళు సర్దుకుంటోంది.

ఆవిడకి ఏమీ తెలీదు. ఆటోవాడికి డబ్బులిచ్చింది. చిల్లర కోసం నిలబడింది. వాడు జేబులన్నీ వెతుకుతున్నాడు. హేమచంద్ర మణికట్టు నా పిడికిట్లోనే ఉంది. నరం కొట్టుకోవడం నా వేళ్ళకి తెలుస్తోంది.  నాయక్ బాబు బల్ల చుట్టూ వచ్చి, ఒక్కొక్క వేలే ఆన్చినట్టు తొట్టి రెండు పక్కలా చేతులు పెట్టి, రోగిని పక్క మీద తిప్పినంత నెమ్మదిగా దాన్ని గట్టు వైపు తిప్పాడు. తిప్పి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ చిల్లర తీసుకుని లోపలికి వచ్చింది.

"ఏటలా నిలబడ్డారు నలుగురూ? ఏదీ, ఆ గింజేదీ?"

 నేను మణికట్టు వదిలి, సొట్టపడిన గుండున్న తూటా ఆవిడకి అందించాను. దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. గోరు పెట్టి చూసింది.

"గింజే," అంది. "బుల్లి రోళ్ళలాగున్నాయి గదాని ఏసినాను. పైడన్నా, నువ్వు బోర్లించలేదేటి?"

"బోర్లించినానమ్మా. ఒకటి రాలలేదు."

"రాలకపోతే అది దానిష్టం," అంది. ఆ తూటాని నాకు తిరిగిచ్చేసింది. "తప్పు నీ మీద పెట్టను గానీ."

"అమ్మా," అన్నాడు హేమచంద్ర. "ఇప్పుడు తీసీస్తే ఇంకా రైలు అందుతాది."

"దేన్ని?"

"దాన్నే. తెరిసీస్తే."

"పేలుతాదా?"

"పేలకపోవచ్చు."

"పేలకపోవచ్చు," అని ఆ మాటే మళ్ళీ అంది. "ఏ సేత్తో తెరుస్తావు?"

కుడిచెయ్యి ఎత్తి చూపించాడు, బళ్ళో పిల్లాడిలా.

"అన్నం ఏ సేత్తో తింటావు?"

అతను చెయ్యి దించేశాడు.

"మీ నాన్న ఎడంసేత్తో తినడం నేర్పుతాడేమో అడుగు. సావుకారుగారూ, నేర్పుతారా? మెల్లిగా కొట్టమని సెప్పినట్టే మెల్లిగా నేర్పుతారా?" ఆ మాట ఆవిడకి ఎలా తెలిసిందో నాకు తెలీదు. భర్తని ఎరిగిన మనిషి, ఊహించి ఉంటుంది.

షావుకారు కుర్చీలో కూర్చున్నాడు. "నువ్వు ఆటో దిగినప్పుడు..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

"దిగినప్పుడు ఏటి?"

"ఏటీ నేదు."

హేమచంద్ర అరుగు మెట్టు మీద కూర్చుని గట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు. తల్లి వెళ్ళి పక్కన కూర్చుంది, కుడివైపు. రైలు కూత అంత దూరం వినబడదు. అతను గడియారం చూసుకోవడం మానేశాడు. వేళ దాటిందని దాన్ని బట్టే తెలిసింది.

నాయక్ బాబు సందుల్లో నూనె పోశాడు. మిగిలిన తూటాలన్నీ వేరే డబ్బాలో వేసి తాళం పెట్టాడు. వెళ్ళేటప్పుడు షావుకారు నా వైపు చూడలేదు. హేమచంద్రా చూడలేదు. వాసవీకుమారి గారు మాత్రం గేటు దగ్గర ఆగి, "అన్నం పంపిస్తాను, ఇక్కడే ఉంటావు గదా," అంది. ఉంటానన్నాను. పంపించింది.

రేపట్నుంచి రావద్దన్నాడు షావుకారు. నేను రాలేదు. వెళ్ళలేదు కనక రావలసిన పని లేకపోయింది. తొట్టి ఉన్న అరుగు మీదే పడుకున్నాను.

పొద్దున్న నాయక్ బాబు ఎండెక్కక ముందే వచ్చాడు. రివాల్వర్ పిడికి గుడ్డ చుట్టి, బల్లకున్న శిగిరీలో మొన గట్టు వైపు ఉండేలా బిగించాం. పక్కన ఇటుక గోడ ఉంది. నేను వెదురు కర్ర తెచ్చి చివర చదును చేశాను. ఎవరు చెయ్యాలో మేం మాట్లాడుకోలేదు. ఆయన కర్ర కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఆయన ఇంకొక కర్ర తెచ్చుకుని రెండోవైపు నిలబడ్డాడు.

గోడ వెనక నుంచి ఒక్క చెయ్యే బయటికి పెట్టి కర్రతో మీట నొక్కి పట్టుకున్నాను. నాయక్ బాబు తన కర్రతో సిలిండరుని పక్క నుంచి తట్టాడు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా తట్టాడు. నా చంకలోంచి చెమట కారి నడుం దాకా వచ్చింది. మూడోసారి తట్టినప్పుడు నూనె చప్పరించిన చప్పుడు వచ్చి సిలిండరు బయటికి ఒరిగింది. తూటాలు ఒక్కొక్కటే జారి కిందపరిచిన గోనె మీద పడ్డాయి. ఒకటి మాత్రం జారలేదు. పక్క ఉబ్బు ఉన్నది. దాన్ని నాయక్ బాబు వెనక నుంచి వేళ్ళతో పట్టుకుని మెల్లిగా లాగి తీశాడు.

ఏమీ పేలలేదు. నిన్న తీసినా పేలకపోయేదేమో. అది ఎవరికీ తెలీదు.

నాయక్ బాబు ఫోన్ తీసి హేమచంద్రకి కలిపి నా చేతికిచ్చాడు.

"తెరుసుకుంది బావూ," అన్నాను.

 

"తాతా, ఇరుక్కున్నది ఏదో తెలిసిందా?"

"తెలిసింది."

"దాని టోపీ సూడు. గీతుందా?"

ఎండలోకి తిప్పి చూశాను. టోపీ మీద సన్నగా, మెరుస్తూ ఒక గీత. అంచు దగ్గర మొదలై నడిమి దాకా వెళ్ళి ఆగింది. అతను రెండోసారి గట్టిగా ట్రిగ్గరు లాగినప్పుడు సిలిండరు ఎంత కదిలిందో అంతే ఉంది గీత.

"ఉంది," అన్నాను.

"ఎందాకా?"

"నడిమి దాకా."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది. తర్వాత, "దాన్ని అలగే ఉంచు. నానొస్తన్నాను," అన్నాడు.

నాయక్ బాబు మిగతా నాలుగింటినీ కిరసనాయిలు డబ్బాలో వేశాడు. అయిదోదాన్ని నేను గోడ మీద గోనెముక్క పరిచి దాని మీద పెట్టాను. ఎండ అప్పటికే గోడ మీదికి వచ్చింది. అతను వచ్చేదాకా తువ్వాలు రెండు చేతులా పట్టుకుని దానికి నీడపట్టి నిలబడ్డాను.